శ్రీకాకుళంలో డీటీపీ చేయిస్తున్నారా? ముందు పేరా మొదట్లో ఖాళీ చూడండి

ఏడు రోడ్ల కూడలి దాటి జీటీ రోడ్డు మీద నడుస్తుంటే జెరాక్స్, డీటీపీ, స్పైరల్ బైండింగ్ అని బోర్డులు కనిపిస్తాయి. డీటీపీ అంటే మేటర్‌ని కంప్యూటర్‌లో టైపు చేసి అచ్చుకి సిద్ధం చేయడం. ఆ చుట్టుపక్కల ఒక సెంటర్ చేసిచ్చిన పనుల మీద ఈ సమీక్ష. 128 పేజీల కథల పుస్తకం (1/8 డెమ్మీ), 48 పేజీల పద్యాల పుస్తకం, హైస్కూలు ప్రశ్నపత్రం, ఒక అర్జీ, కాలేజీ ప్రాజెక్టు రికార్డు. ఈ ఐదూ పక్కన పెట్టుకుని రాస్తున్నాం. షాపు పేరు రాయడం లేదు. ఇందులో చెప్పే లోపాలు ఆ ఒక్క షాపువే కావు, తెలుగు డీటీపీ జరిగే ప్రతి చోటా ఉన్నవే. పేరు కంటే, పని ఇచ్చే ముందు ఏం అడగాలో తెలియడం ముఖ్యం.

అక్షరదోషాలు, కాగితం, ప్రింటు నలుపు ఎవరైనా చూస్తారు. ఇక్కడ చూసింది పేరా ఇండెంట్ ఒక్కటే. పేరా మొదటి లైనును, లేదా పేరా మొత్తాన్ని, అంచు నుంచి కొంత లోపలికి జరపడం. ఆపరేటర్లు దీన్ని ‘పేరా వదలడం’ అంటారు, ‘ట్యాబ్ ఇవ్వడం’ అంటారు. కౌంటర్ దగ్గర ఇండెంట్ అనే మాట వాడితే ఒక్కోసారి వేరే అర్థం వస్తుంది. ప్రభుత్వాఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఇండెంట్ అంటే స్టోర్‌కి పంపే సరుకుల చీటీ. రెండింటి పుట్టుకా ఒకటే. లాటిన్‌లో పన్నును ‘డెన్స్’ అంటారు, మన ‘దంతం’ దానికి చుట్టమే. యూరప్‌లో ఒప్పందాన్ని ఒకే తోలుకాగితం మీద రెండుసార్లు రాసి, మధ్యలో పళ్ల వరసలా వంకరగా కత్తిరించి చెరో ముక్కా ఇచ్చేవారు. రెండు ముక్కల పళ్లూ ఒకదాన్లో ఒకటి కూర్చుంటే దస్తావేజు అసలైనదని రుజువు. చీటీకి ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. పేజీలో లైను లోపలికి పోతే ఎడమ అంచు మీద పడేది కూడా అలాంటి పన్నుగాటే.

ఆ గాటు ఏం చెబుతుంది? ‘ఇక్కడి నుంచి వేరే సంగతి’ అని చెబుతుంది. కథలో ఈ మూడు లైన్లు చూడండి:

“ఏటి బాబూ, ఇంత ఆలీసమైపోనాది?” అంది అప్పలనరసమ్మ తలుపు తీస్తూ.

“ఆమదాలవలస గేటు కాడ బస్సాగిపోనాది.”

“మరేటైనా తినీసొచ్చావా?”

రెండో మాట ఎవరన్నారో, మూడోది ఎవరన్నారో రచయిత రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. కొత్త పేరా అయింది కాబట్టి మాట్లాడే మనిషి మారాడని చదువరికి తెలుస్తుంది. ఇప్పుడు అచ్చులో రెండో లైను సరిగ్గా కుడి అంచు దాకా నిండిందనుకోండి. మూడో లైను ఎడమ అంచు నుంచే మొదలైతే అది కొత్త పేరా అని చెప్పే ఆధారం పేజీలో ఎక్కడా మిగలదు. బస్సాగిపోయిందన్న కొడుకే ‘తినీసొచ్చావా’ అని తల్లిని అడిగినట్టు అయిపోతుంది. చివరి లైను సగంలో ఆగిన పేరాలకి ఇండెంట్ లేకపోయినా గడుస్తుంది. నిండు లైనుతో ముగిసిన పేరా దగ్గరే దాని అసలు అవసరం. ఏ పేరా ఎక్కడ ముగుస్తుందో కంపోజింగ్ అయ్యేదాకా ఎవరికీ తెలియదు కాబట్టి అన్ని పేరాలకీ ఒకేలా పెట్టాలి.

తాళపత్రాల్లో ఈ పద్ధతి లేదు. ఆకు మీద చోటు తక్కువ. మాటకీ మాటకీ మధ్య కూడా ఎడం లేకుండా రాసుకుంటూ పోయి, పద్యం ముగిసిన చోట దండం గీసేవారు. తాడు దూర్చే కన్నం చుట్టూ మాత్రం కొంచెం ఖాళీ వదిలేవారు. యూరప్ రాతప్రతుల్లో పేరా మొదట రంగు సిరాతో ఒక గుర్తు వేయడానికి చోటు విడిచేవారు. అచ్చు వచ్చాక గుర్తు పోయింది, చోటు నిలిచింది. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్ పేరా మొదట ఒక క్వాడ్ పెట్టేవాడు. క్వాడ్ అంటే అక్షరం కంటే పొట్టిగా ఉండే ఖాళీ సీసపు దిమ్మ, అందుకే దానికి సిరా అంటదు. ఎమ్ క్వాడ్ వెడల్పు టైపు సైజుతో సమానం: 12 పాయింట్ల టైపుకు 12 పాయింట్లు. ఆ కొలత కంప్యూటర్‌లోనూ పనికొస్తుంది. 72 పాయింట్లు ఒక అంగుళం కాబట్టి 12 పాయింట్లంటే సుమారు 4.2 మిల్లీమీటర్లు.

కథల పుస్తకం

ఈ సెంటర్ మెప్పు పొందేది ఇక్కడే. పేజ్‌మేకర్ 7లో, అనూ ఫాంట్లతో చేశారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత పెద్ద వెర్షన్ లేదు, యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో కనిపించే తెలుగు) అందులో నడవదు. అయినా మన దగ్గర పుస్తకాల పని ఇంకా దాని మీద జరుగుతోందంటే చేతులకు అలవాటైపోవడమే కారణం. పాత సాఫ్ట్‌వేరే అయినా పేరా సెట్టింగుల విషయంలో దానికేమీ లోటు లేదు.

పేజీ 5.5 × 8.5 అంగుళాలు, మేటర్ వెడల్పు 4.25 అంగుళాలు, అక్షరం 12 పాయింట్లు, లైనుకీ లైనుకీ 16 పాయింట్లు. పై గుడులు, కింది ఒత్తులు తగలకుండా ఉండాలంటే తెలుగుకి ఈ మాత్రం ఎడం కావాలి. మొదటి లైను ఇండెంట్ 5 మిల్లీమీటర్లు. ఈ వెడల్పుకి ఇది సరైన కొలత. ఒక ఎమ్ కంటే కాస్త ఎక్కువ, కంటికి స్పష్టంగా తెలుస్తుంది, లైను మొదట్లో గొయ్యి పడ్డట్టు ఉండదు.

మొదటి ప్రూఫ్ (దిద్దడానికి ఇచ్చే నమూనా ప్రింటు) మాత్రం ఇలా రాలేదు. మొదటి రెండు కథల్లో ఇండెంట్ అర అంగుళం, మిగతా పదింటిలో 5 మిల్లీమీటర్లు. టైపు చేసింది ఇద్దరు ఆపరేటర్లు. ఒకరు పేరా మొదట ట్యాబ్ కొట్టారు. ట్యాబ్ మీట అక్షరాన్ని తర్వాతి ట్యాబ్ స్టాప్ దాకా తోస్తుంది, ఆ స్టాపులు ముందుగానే అర అంగుళానికొకటి చొప్పున ఉన్నాయి. అర అంగుళమంటే 36 పాయింట్లు, అంటే 12 పాయింట్ల అక్షరానికి మూడు ఎమ్‌లు. 4.25 అంగుళాల లైనులో దాదాపు ఎనిమిదో వంతు ఖాళీకే పోయింది. సంభాషణలు ఎక్కువున్న పేజీల్లో ఎడమ వైపు చదలు తిన్నట్టు కనిపించింది.

దిద్దిన తీరు మెచ్చుకోదగ్గది. ఒక్కో పేరా పట్టుకుని సర్దలేదు. ట్యాబులన్నీ తీసేసి, ‘కథ పేరా’ అని ఒక స్టైల్ (పేరా కొలతలన్నీ ఒక పేరు కింద దాచుకునే సెట్టింగు) చేసి, అన్ని కథలకీ దాన్నే వేశారు. పేజ్‌మేకర్‌లో కంట్రోల్ + ఎం నొక్కితే వచ్చే పేరాగ్రాఫ్ పెట్టెలో లెఫ్ట్, ఫస్ట్, రైట్ అని మూడు గడులు ఉంటాయి. లెఫ్ట్ సున్నా, ఫస్ట్ 5 మిల్లీమీటర్లు, రైట్ సున్నా. అంతే. ఇక రెండో ప్రూఫ్‌లో వాక్యాలు కలిపినా, పేరాలు విడగొట్టినా ఇండెంట్ తనంతట తాను వచ్చి కూర్చుంది. 5 బదులు 6 కావాలన్నా స్టైల్‌లో ఒక్క అంకె మారిస్తే 128 పేజీలూ మారతాయి.

స్పేస్‌బార్‌తో ఐదారు ఖాళీలు కొట్టి పేరా వదిలే అలవాటు ట్యాబ్ కంటే ప్రమాదం. పుస్తకాల్లో లైన్లు రెండు అంచులకీ సమానంగా జస్టిఫై చేస్తారు. జస్టిఫై అంటే లైనులోని స్పేసుల్ని సాగదీయడం. స్పేసులతో చేసిన ఇండెంట్ కూడా వాటితోపాటు సాగుతుంది. ఒక పేరాకి 4 మిల్లీమీటర్లు, పక్క పేరాకి 7. పైగా స్పేస్ వెడల్పు ఫాంట్‌ని బట్టి ఉంటుంది కాబట్టి ఫాంట్ మార్చగానే మళ్లీ అన్నీ కదులుతాయి. ప్రూఫ్ కాగితాన్ని కంటి ఎత్తుకి పట్టుకుని, కింది అంచు నుంచి ఎడమ అంచు వెంట పైకి చూడండి. పేరా మొదటి అక్షరాలన్నీ ఒకే నిలువు గీత మీద ఉండాలి. లేకపోతే అది స్పేస్‌బార్ పనే.

రెండు చిన్న లోపాలు రెండో ప్రూఫ్ దాకా మిగిలాయి. కథ పేరు కింద మొదటి పేరాని తొమ్మిది కథల్లో అంచు నుంచి మొదలుపెట్టారు, మూడు కథల్లో లోపలికి జరిపారు. ఇండెంట్ పని పై పేరా నుంచి వేరు చూపడం. పైన పేరాయే లేనప్పుడు జరపనక్కర్లేదన్నది ఇంగ్లీషు పుస్తకాల పద్ధతి. తెలుగు పుస్తకాల్లో జరిపినవీ ఉన్నాయి, జరపనివీ ఉన్నాయి. ఏదైనా ఫర్వాలేదు, పుస్తకమంతా ఒకటే ఉండాలి. రెండోది, కథ మధ్యలో సన్నివేశం మారిన చోట ఖాళీ లైను వదిలారు. ఆ ఖాళీ పేజీ అడుగున పడితే మాయమైపోతుంది, కొత్త సన్నివేశం పాతదాని కొనసాగింపులా చదువుకుంటాం. ఇలాంటి చోట మూడు చుక్కలు పెట్టించుకోవాలి.

ఇంకొకటి చూసుకోవాలి. పేరా చివరి లైనులో ఒక్క చిన్న మాట, ‘అంది’ లాంటిది, ఒంటరిగా మిగిలి, అది కింది పేరా ఇండెంట్ కంటే పొట్టిగా ఉంటే మధ్యలో తెల్లటి బాట పడుతుంది. చివరి మాట ఇండెంట్ కంటే పొడుగ్గా ఉండాలన్నది పాత ప్రెస్సుల నియమం. ఈ పుస్తకంలో అలాంటివి నాలుగు చోట్ల ఉంటే, చెప్పకముందే మూడు సర్దేశారు. కన్ను ఉన్న ఆపరేటరే చేయగల పని ఇది.

ఒక కథలో ఉత్తరం ఉంది. దాన్ని రెండు వైపులా 8 మిల్లీమీటర్లు లోపలికి తీసుకుని, 11 పాయింట్లకు తగ్గించి, పైనా కిందా అర లైను ఎడం ఇచ్చారు. కొటేషన్ గుర్తులు తీసేశారు. ఇది కచ్చితంగా సరైన నిర్ణయం. మొత్తం పేరా లోపలికి జరిగిందంటే ఆ మాటలు వేరేవాళ్లవని అర్థం, మళ్లీ గుర్తులు పెడితే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు.

ఖాళీ లైనూ ఇండెంటూ రెండూ కలిపి వాడలేదు, అదీ మంచిదే. ఫోన్‌లో చదివే మేటర్‌కి పేరాల మధ్య ఖాళీ లైను నప్పుతుంది. సన్నటి తెరలో లైన్లు ఎక్కడపడితే అక్కడ విరుగుతాయి. అచ్చు పుస్తకానికి ఇండెంట్ నప్పుతుంది. అందులో ఖాళీ లైన్లు పెడితే 128 పేజీలు ఇంకొక ఫారం పెరిగినా పెరుగుతాయి, ఫారం అంటే 16 పేజీల ఖర్చు.

పద్యాల పుస్తకం

ఇక్కడ సెంటర్ బాగా వెనకబడింది. వచనం పేరాలుగా ఆలోచించే చేతికి పద్యం పాదాలుగా ఆలోచించడం రాలేదు.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకి 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. పెద్ద సమాసాలు, ద్విత్వాలు పడితే 4.25 అంగుళాల లైనులో 12 పాయింట్ల పాదం ఇమడదు. ఒకటి రెండు మాటలు కింది లైనులోకి జారుతాయి. జారిన మాట ఎడమ అంచు దగ్గరే పడితే నాలుగు పాదాల పద్యం ఐదారు పాదాలుగా కనిపిస్తుంది. ప్రాస కోసం రెండో అక్షరం చూసే పాఠకుడికి, యతి చూసుకునేవాడికి ఎక్కడ పాదం మొదలైందో అంతు పట్టదు. మొదటి ప్రూఫ్‌లో జరిగింది సరిగ్గా ఇదే.

ఆపరేటర్ పద్యమంతా ఒకే పేరాగా పెట్టి, పాదం చివర షిఫ్ట్ + ఎంటర్ కొట్టారు. అలా కొడితే లైను విరుగుతుంది గానీ పేరా మారదు. ఫస్ట్ గడిలో పెట్టిన అంకె మొదటి పాదానికే వర్తిస్తుంది, మిగతా మూడింటికీ, జారిన ముక్కలకీ తేడా ఉండదు. దానికి తోడు జస్టిఫై ఆన్‌లో ఉంది కాబట్టి పొట్టి పాదాలు రెండు అంచులకీ సాగిపోయాయి. కంద పద్యంలో ఒకటి, మూడు పాదాలు పొట్టివి, రెండు, నాలుగు పొడుగువి. ఆ హెచ్చుతగ్గులు కంటికి కనిపించాలి, సాగదీస్తే పోతాయి.

సరైన పద్ధతి ఇది. ప్రతి పాదం చివరా మామూలు ఎంటర్, అంటే ప్రతి పాదమూ ఒక పేరా. జస్టిఫై తీసేసి ఎడమకు సర్దాలి. లెఫ్ట్ 18 మిల్లీమీటర్లు, ఫస్ట్ మైనస్ 8. మైనస్ అంటే మొదటి లైను మిగతా లైన్ల కంటే బయటికి వస్తుంది, దీన్నే హ్యాంగింగ్ ఇండెంట్ అంటారు. పాదం 10 మిల్లీమీటర్ల దగ్గర మొదలవుతుంది, పట్టక జారిన మాట 18 దగ్గర పడుతుంది. చూడగానే అది పైదాని తోకే అని తెలుస్తుంది.

పద్యం మొదట ఉ., చ., శా., మ., క., తే.గీ., ఆ.వె. అని ఛందస్సు గుర్తు పెడతారు కదా, దానికోసం మొదటి పాదానికి వేరే స్టైల్ కావాలి. లెఫ్ట్ 18, ఫస్ట్ మైనస్ 18, 10 మిల్లీమీటర్ల దగ్గర ఒక ట్యాబ్ స్టాప్. పేజ్‌మేకర్‌లో స్టాప్ పెట్టడానికి కంట్రోల్ + ఐ. గుర్తు అంచు దగ్గర ఉంటుంది, ట్యాబ్ కొడితే పాదం 10 దగ్గర మొదలవుతుంది, కింది మూడు పాదాలతో కలుస్తుంది. ట్యాబ్‌ని వాడాల్సిన చోటు ఇదీ. నాలుగో పాదానికి మూడో స్టైల్, అంకెలు మామూలు పాదానివే, కింద 8 పాయింట్ల ఎడం అదనం. మొత్తం మూడు స్టైళ్లు. 48 పేజీలకి ఇవి చేసుకోవడం పది నిమిషాల పని.

సీసానికి ఇంకొక మెట్టు కావాలి. పాదం పెద్దది కాబట్టి రెండు సగాలుగా విరిచి, రెండో సగాన్ని లోపలికి జరిపి వేయడం మన పాత అచ్చు సంప్రదాయం. ఎనిమిది లైన్లు మెట్టు మెట్టుగా కనిపిస్తాయి, కింద తేటగీతి గానీ ఆటవెలది గానీ మళ్లీ అంచుకు దగ్గరగా వస్తుంది. ఈ సెంటర్ ఎనిమిదింటినీ ఒకే గీత మీద నిలబెట్టింది. మూడో ప్రూఫ్‌కి గానీ మెట్లు రాలేదు. అందులో కూడా రెండు సీసాల్లో మెట్టు తిరగబడి ఉంది, మొదటి సగం లోపలికీ రెండో సగం బయటికీ.

పుస్తకం చివర కొన్ని వచన కవితలు ఉన్నాయి. కవి రాతప్రతిలో కొన్ని లైన్లు కావాలనే కుడికి జరిపి రాశారు. ఒక చోట ‘మెల్లగా’ అన్న మాట ఒంటరిగా లైను మధ్యలో ఉంది, చదివేటప్పుడు అక్కడ ఆగమని. సెంటర్ అన్నిటినీ ఎడమ అంచుకి తెచ్చి ‘నీట్‌గా’ చేసి ఇచ్చింది. కవిత్వం ఇచ్చేటప్పుడు రాతప్రతిలో జరిపిన ప్రతి లైను దగ్గరా స్కేలు పెట్టి మిల్లీమీటర్లు రాసి ఇవ్వడం తప్ప దీనికి మార్గం లేదు. నోటి మాటగా చెబితే పని జరగదు.

ప్రశ్నపత్రం, అర్జీ, రికార్డు

ప్రశ్నపత్రం వర్డ్‌లో చేశారు. 1 నుంచి 9 దాకా ప్రశ్నలు చక్కగా ఉన్నాయి, 10 దగ్గర మేటర్ ఒక అక్షరం కుడికి జరిగింది. హ్యాంగింగ్ దూరాన్ని ఒక అంకెకి సరిపడా పెట్టారు. అన్నిటికంటే వెడల్పైన అంకె చూసుకుని పెట్టాలి. 12 పాయింట్లలో ‘10.’కి 8 మిల్లీమీటర్లు హాయిగా సరిపోతాయి, అ), ఆ) అనే ఉప ప్రశ్నలకి ఇంకో 8. వర్డ్‌లో కంట్రోల్ + టి కొడితే హ్యాంగింగ్ వస్తుంది గానీ అర అంగుళం చొప్పున జరుగుతుంది. పేరాగ్రాఫ్ పెట్టెలో స్పెషల్ దగ్గర హ్యాంగింగ్ ఎంచుకుని అంకె చేత్తో వేయడం మేలు.

అర్జీ బాగా చేశారు. ‘విషయం:’ తర్వాత మేటర్ మూడు లైన్లు వచ్చింది. రెండో, మూడో లైన్లు ‘విషయం’ కింద కాకుండా, కోలన్ తర్వాతి మొదటి అక్షరం కింద నిలిచాయి. ‘సూచిక:’ కూడా అదే గీత మీద. ఆఫీసులో ఫైలు చూసేవాళ్ల కన్ను ఆ రెండు మాటల దగ్గరే ముందు ఆగుతుంది, అవి అంచున ఒంటరిగా ఉంటేనే దొరుకుతాయి. ఇదే కౌంటర్‌లో దస్తావేజులూ టైపు చేస్తారు. వాటిలో పేరా విడవమని ఒత్తిడి చేయకండి. తర్వాత ఎవరూ మధ్యలో మాటలు చేర్చకూడదని ఖాళీ లేకుండా రాయడం అక్కడి పాత అలవాటు, దానికి కారణం ఉంది. హద్దుల దగ్గర తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం కోలన్లు మాత్రం ఒకే ట్యాబ్ స్టాప్ మీద ఉండేట్టు చూసుకుంటే చాలు.

ప్రాజెక్టు రికార్డు సంగతి కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎచ్చెర్ల వైపు నుంచి, చుట్టుపక్కల కాలేజీల నుంచి విద్యార్థులు వీటి కోసమే వస్తుంటారు. అందులో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాం ఉంది. మామూలు రాతలో ఇండెంట్ చదువరికి సాయం, పైథాన్‌లో అది వ్యాకరణం. ఏ లైను దేని కిందకు వస్తుందో లోపలికి జరిగిన దూరమే నిర్ణయిస్తుంది. మెట్టుకి 4 స్పేసులన్నది ఆ భాషవాళ్లు పాటించే ఒప్పందం. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) లోపల ఉన్న ‘ప్రింట్’ లైను ప్రతి తిరుగుడుకీ ఒకసారి అచ్చు వేస్తుంది. అదే లైను 4 స్పేసులు ఎడమకి వస్తే లూప్ అంతా అయ్యాక ఒక్కసారే వేస్తుంది. ఎర్రర్ కూడా రాదు, జవాబు మాత్రం తప్పు. రికార్డులో రెండు పేజీల్లో ఇలా లైన్లు ఎడమకి వచ్చేశాయి. ఇంకో పేజీలో కొన్ని లైన్లకు ట్యాబ్, కొన్నింటికి స్పేసులు. కంటికి సమానంగానే ఉన్నా పైథాన్ 3 ఆ కలగలుపుని ఒప్పుకోదు. ప్రోగ్రాం లైన్లు సెంటర్‌లో టైపు చేయించవద్దు. రన్ చేసి చూసిన ఫైలు నుంచే కాపీ చేసి ఇవ్వండి. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పుండే కొరియర్ న్యూ లాంటి ఫాంట్ వేయమనండి, అప్పుడు 4 స్పేసుల మెట్టు ప్రతి చోటా ఒకే గీత మీద పడుతుంది. స్పేస్‌బార్ ఇండెంట్ సరైన పని అనిపించుకునే చోటు ఇదొక్కటే.

యూనికోడ్‌కి మార్చినప్పుడు

కథల పుస్తకం ఫైలుని తర్వాత యూనికోడ్‌కి మార్చి ఇమ్మంటే, వచ్చిన ఫైలులో ఒక్క ఇండెంట్ కూడా లేదు. దీన్ని సెంటర్ తప్పుగా లెక్కపెట్టకూడదు. మార్చే సాధనం అక్షరాల సంకేతాల్ని మారుస్తుంది. మేటర్‌ని ఉత్త టెక్స్ట్‌గా కాపీ చేసి అందులో వేసినప్పుడు పేరా సెట్టింగులు వెనకే ఉండిపోతాయి. ట్యాబులు, స్పేసులు అక్షరాల్లాంటివే కాబట్టి అవి వెంట వస్తాయి. అంటే సరిగ్గా చేసిన ఫైలు బోసిగా వస్తుంది, అడ్డదిడ్డంగా చేసింది చెత్తతో సహా వస్తుంది. బోసిగా రావడమే మంచిది. అంతా సెలెక్ట్ చేసి స్టైల్ వేస్తే ఒక నిమిషంలో ఇండెంట్లు తిరిగి వస్తాయి.

చెత్తతో వచ్చిన ఫైలుని శుభ్రం చేయాలంటే వర్డ్‌లో ముందుగా కంట్రోల్ + షిఫ్ట్ + 8 నొక్కండి (లిబ్రేఆఫీస్‌లో కంట్రోల్ + ఎఫ్10). స్పేసులు చుక్కలుగా, ట్యాబులు బాణాలుగా, పేరా చివరలు గుర్తుగా కనిపిస్తాయి. తర్వాత వర్డ్‌లో కంట్రోల్ + హెచ్. వెతికే గడిలో క్యారట్ గుర్తు (^), పి, క్యారట్ గుర్తు, టి అని నాలుగూ ఇంగ్లీషు మీటలతో కలిపి కొట్టండి. మార్చే గడిలో క్యారట్ గుర్తు, పి మాత్రమే. పేరా చివర వెంటనే ఉన్న ట్యాబ్ పోతుంది. మార్పులు సున్నా అని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నొక్కండి. స్పేసులకీ ఇదే దారి, టి బదులు ఒక ఖాళీ. ఫైలులో మొట్టమొదటి పేరాకి ముందు పేరా గుర్తు ఉండదు కాబట్టి అది తప్పించుకుంటుంది, దాన్ని చేత్తో తీసేయాలి. తర్వాత పేరాగ్రాఫ్ పెట్టెలో స్పెషల్ దగ్గర ఫస్ట్ లైన్, పక్కన 0.5 సెంటీమీటర్లు.

ఈ గుర్తులు చూపించే మీటే పని ఇచ్చే ముందు చేయాల్సిన పరీక్ష కూడా. సెంటర్‌లో అంతకుముందు చేసిన ఏదైనా ఫైలు తెరిచి చూపించమనండి. వర్డ్ అయితే కంట్రోల్ + షిఫ్ట్ + 8, పేజ్‌మేకర్ అయితే మేటర్ మీద కర్సర్ పెట్టి కంట్రోల్ + ఇతో స్టోరీ ఎడిటర్ తెరిచి, స్టోరీ మెనూలో డిస్‌ప్లే ¶. పేరాల మొదట చుక్కల వరసలు కనిపిస్తే ఆ ఆపరేటర్‌కి పుస్తకం ఇవ్వకండి, ఉత్తరం ఇవ్వండి చాలు. ఈ సెంటర్‌లో పెద్ద ఆపరేటర్ ఫైళ్లు శుభ్రంగా ఉన్నాయి, సాయంత్రం వచ్చే కుర్రాడివి లేవు. కాబట్టి మేటర్ ఎవరి చేతికి వెళ్తుందో అడిగి ఇవ్వాలి.

డబ్బు పేజీ లెక్కన, రెండు ప్రూఫులు అందులోనే. మూడో ప్రూఫ్ నుంచి విడిగా. ఇండెంట్ కొలతలు ముందే కాగితం మీద రాసి ఇచ్చిన కథల పుస్తకం రెండు ప్రూఫుల్లో అయిపోయింది, రాయకుండా ఇచ్చిన పద్యాల పుస్తకం మూడో ప్రూఫ్‌కి, దాని ఖర్చుకి పోయింది. ఆ కాగితం మీద ఉండాల్సినవి ఎక్కువేం లేవు: మామూలు పేరాకి ఎన్ని మిల్లీమీటర్లు, శీర్షిక కింద మొదటి పేరా జరపాలా వద్దా, ఉత్తరాలూ ఉటంకింపులూ రెండు వైపులా ఎంత, పద్యం పాదం ఎక్కడ, జారిన మాట ఎక్కడ. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖల రద్దీ ఉంటుంది, వార్షిక పరీక్షల ముందు ప్రశ్నపత్రాల రద్దీ. పుస్తకం పని ఆ రెండు వేళల్లోనూ ఇవ్వకపోవడం మంచిది. ఉదయం షాపు తీసిన వెంటనే వెళ్తే పెద్ద ఆపరేటర్ దొరుకుతారు, సీసపద్యం మెట్లు ఎలా ఉండాలో పక్కన కూర్చుని ఒక పద్యానికి చేయించుకోవచ్చు. ఆ ఒక్కదాని స్టైళ్లు సేవ్ చేయించి పెట్టుకుంటే మిగతావాటికి అవే సరిపోతాయి.